చిన్నాయనకు పెట్టిన చాయ్ పైసలు

మా చిన్నమ్మాయి ఆఫీసు స్నేహితులతో కలిసి వచ్చే నెల టోక్యో, బ్యాంకాక్ తిరిగి వస్తుందట. మొన్న ఆదివారం నాకు ఫోన్‌లో ఒక పట్టిక పంపింది. ఏ ఊళ్లో హోటల్ సర్వరుకు ఎంత ఇవ్వాలి, సామాను మోసినవాళ్లకు ఎంత, గది సర్దినవాళ్లకు ఎంత, ఎక్కడ ఇస్తే సంతోషిస్తారు, ఎక్కడ ఇస్తే నొచ్చుకుంటారు, అన్నీ వరసగా ఉన్నాయి. టోక్యోలో అసలు ఇవ్వకూడదట, బల్ల మీద మరిచిపోయారనుకుని వెంటబడి మరీ తెచ్చిస్తారట. బ్యాంకాక్‌లో మిగిలిన చిల్లర వదిలేస్తే చాలట. సింగపూర్‌లో చాలాచోట్ల బిల్లులోనే కలిపేస్తారట. కింద నాకొక ప్రశ్న కూడా పెట్టింది, "అమ్మా, మీరు కౌలాలంపూర్‌లో ఎంత ఇచ్చారు?" అని. ఇచ్చాను గానీ తీసుకోలేదు అని రాద్దామనుకున్నాను. అలా రాస్తే వెంటనే ఫోన్ చేసి ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే కౌలాలంపూర్ నుంచి సూర్యాపేట దాకా రావాలి, మా చిన్నాయన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఆ పిల్లకు అంత ఓపిక లేదు. మీకుందనుకుంటాను.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. మాది ఆత్మకూర్ (ఎస్) పక్కన చిన్న పల్లె, ఇంటి వెనక గొర్రెల దొడ్డి. మా నాన్న చదువుకుని సూర్యాపేటలో గుమాస్తా అయ్యాడు. చిన్నాయనకు చదువూ అబ్బలేదు, గొర్రెలూ అబ్బలేదు. ఆయన మందను తోలుకుపోతే సాయంత్రానికి సగం పక్కవాళ్ల మందలో తేలేవట. మా నాయనమ్మ విసిగిపోయి, "వీనికి గొర్లెందుకు, మనుషులనే కాసుకొమ్మను" అని తిట్టి, సూర్యాపేటలో హైవే మీద ఉన్న ఒక హోటల్లో పనికి పెట్టించింది. హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య తిరిగే బస్సులు టిఫిన్లకూ భోజనాలకూ ఆగే హోటలది. కోపంలో అన్నా నాయనమ్మ మాట నిజమైంది. ముప్పై ఏళ్లకు పైగా మా చిన్నాయన అక్కడ సర్వరుగా మనుషులనే కాసుకున్నాడు, ఒక్కరినీ తప్పిపోనివ్వలేదు.

తప్పిపోనివ్వకపోవడమంటే మాటవరసకు అన్నది కాదు. బస్సు ఆగేది పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో ఎవరికి దోశ తినే తీరిక ఉంది, ఎవరికి చాయ్ మాత్రమే అందుతుంది, ఏ ముసలమ్మ ముందు బాత్రూంకు పోయి రావాలి, ఆయనకు చూడగానే తెలిసిపోయేది. దోశ అడిగినవాళ్లకు దోశ అమ్మితే హోటల్‌కు లాభమే. ఆయన మాత్రం వంగి మెల్లగా, "అమ్మా, దోశెకు టైం పడ్తది, మీ బస్సు ఆగదు, ఇడ్లీ తీస్కో" అనేవాడు. ఓనరు వింటే ఊరుకోడని అంత మెల్లగా. డ్రైవర్ హారన్ కొట్టాక కూడా ఎవరి చేతిలోనైనా గ్లాసు మిగిలి ఉంటే, ఆయన వెళ్లి బస్సు ముందు నిలబడి తువ్వాలతో చెమట తుడుచుకుంటూ డ్రైవర్‌తో పిల్లల చదువుల గురించి కబుర్లు పెట్టేవాడు. ఆ చాయ్ పూర్తయ్యేదాకా ఆ కబుర్లు పూర్తయ్యేవి కావు. నేను చిన్నప్పుడు సెలవుల్లో అక్కడికి పోయినప్పుడల్లా ఇదంతా కళ్లారా చూశాను. మా స్కూల్లో హెడ్మాస్టర్లు ప్రార్థన వేళ పిల్లలను వరసలో నిలబెట్టలేక అరుస్తుంటే నాకు ఆయనే గుర్తొచ్చేవాడు.

చాయ్ పైసల విషయంలో ఆయనకొక పద్ధతుండేది. చాయ్ పైసలంటే ఇప్పుడు టిప్పు అంటున్నామే, అదే. బల్ల మీద పెట్టిన నోటును ఆయన చూడకుండా తీసేవాడు. చెయ్యి మాత్రమే పోయేది, కళ్లు మనిషి ముఖం మీదనే ఉండేవి. పదైనా వందైనా జేబులో పడేదాకా ఎంతో ఆయనకే తెలియదు. ఎందుకట్లా అని ఒకసారి అడిగాను. "సూసి తీస్కుంటే ఇచ్చినోన్ని తూకమేసినట్టు అయితది బిడ్డా" అన్నాడు. ఇంకో సంగతి. హైదరాబాదు దిక్కు పోయే బస్సుల్లో పెద్ద ఎక్స్‌రే కవర్లు పట్టుకుని దిగేవాళ్లుంటారు కదా, పెద్ద దవాఖానలకు పోయేవాళ్లు, వాళ్ల దగ్గర మాత్రం ఎప్పుడూ తీసుకునేవాడు కాదు. వేడినీళ్లు సీసాలో పోసిచ్చి, వాళ్లు పెట్టిన నోటు మళ్లీ ఆ ఎక్స్‌రే కవర్లోనే జారవిడిచేవాడు. తోటి సర్వర్లు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు గానీ మానుకోలేదు. ఏ పుస్తకంలోనూ చదవని మర్యాద అది, ఎవరు నేర్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత మంచి మనిషితో మాకొక ఇబ్బంది ఉండేది. చుట్టం గాని, మా ఊరివాడు గాని ఆ హోటల్లో అడుగుపెడితే ఆయన బిల్లు కట్టనిచ్చేవాడు కాదు. కౌంటర్ దిక్కు చూసి, రెండు వేళ్లు తన రొమ్ముకు ఆనించేవాడు. అంటే నా జీతంలో పట్టుకో అని. మొహమాటం లేని చుట్టాలు ఆ రెండు వేళ్ల కోసమే దారి మళ్లించుకుని వచ్చి మరీ తినేవాళ్లు. కొంచెం ఆలోచన ఉన్నవాళ్లం ఆకలేసినా ఆ హోటల్ దాటాకే ఆగేవాళ్లం. నేను రెండో రకం అని గొప్పగా చెప్పుకునేదాన్ని. పెళ్లయి కోదాడ పోయి, అక్కడే టీచరుగా చేరాక కూడా, పుట్టింటికి వచ్చిపోయేటప్పుడు ఇంటికి పోయి చిన్నాయనను చూసేదాన్ని గానీ హోటల్ గడప తొక్కలేదు.

కానీ ఒకరోజు తొక్కక తప్పలేదు. మా స్కూల్లో సార్ ఒకాయన పెళ్లి హైదరాబాదులో అయితే, టీచర్లం పన్నెండు మందిమి వ్యాను మాట్లాడుకుని పోయి తిరిగి వస్తున్నాం. మిట్టమధ్యాహ్నం, సూర్యాపేట రాగానే డ్రైవర్ నేరుగా తెచ్చి ఆ హోటల్ ముందే ఆపాడు. పన్నెండు భోజనాలు. ఆ రెండు వేళ్లు రొమ్మున ఆనాయంటే ఆయన నెల జీతంలో ఎంత మిగులుతుందో దేవుడికే తెలియాలి. వద్దంటే వినే మనిషి కాదు, అందరి ముందూ పెనుగులాట అవుతుంది. అందుకని కుర్చీలో కూర్చునేలోపే నిర్ణయించుకున్నాను, ఎరగనట్టు ఉండాలని. అందులో ఒక చెంచాడు సిగ్గు కూడా కలిసిందా అంటే, కలవలేదని గట్టిగా చెప్పలేను. పట్టుచీరలో ఉన్నాను, పక్కన మ్యాథ్స్ మేడం ఉంది. ఆ వయసులో మనిషి మనసు అంత కడిగిన ముత్యంలా ఏమీ ఉండదు.

చిన్నాయన నీళ్ల జగ్గు పట్టుకుని వస్తూ వస్తూనే నన్ను చూశాడు. ముఖమంతా వెలిగిపోయింది. నోరు తెరవబోయాడు. నేను చటుక్కున తల తిప్పి, "అందరికీ మీల్స్ అండి" అన్నాను. మా ఇంట్లో ఎవరమూ ఎవరినీ అండి అని ఎరగం. అది కోదాడ స్టాఫ్‌రూంలో నాకు అంటుకున్న మాట. ఆయన తెరవబోయిన నోరు మూసుకున్నాడు. తర్వాత గ్లాసుల్లో నీళ్లు పోశాడు. ఆ తర్వాత భోజనమంతా "సార్, ఇంక జర పప్పేయన్నా? మేడం, సాంబారు?" అంటూ, పన్నెండు మందికీ ఒకే తీరుగా వడ్డించాడు. చివర్లో పెరుగు దగ్గర మాత్రం, మిగిలినవాళ్లకు గంటెతో వేసి, నాకు వేరే గిన్నెలో మీగడ పేరుకున్న పెరుగు తెచ్చి పెట్టి పోయాడు. చిన్నప్పటి నుంచి నాకు మీగడంటే ప్రాణం. మ్యాథ్స్ మేడం, "ఏంటి, మీకొక్కరికే స్పెషల్!" అంటే, "నా అదృష్టం" అని నవ్వాను.

బిల్లు మేమే కట్టాం. అందరూ తలా కొంత కలిపి చాయ్ పైసలు పళ్లెంలో పెట్టారు. నేను ఆగి, అందరూ లేచాక, నా గ్లాసు కింద అయిదువందల నోటు పెట్టాను. ఆయన బిల్లు తప్పించాను, పైగా చేతికి నాలుగు డబ్బులు అందించాను, ఎవరికీ తెలియకుండా ఎంత తెలివిగా చేశానో అని మురిసిపోయాను. వ్యాను కదులుతుంటే కిటికీలోంచి చూశాను. చిన్నాయన మా బల్ల దగ్గర నిలబడి ఆ నోటు చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. ఎప్పుడూ చూడని మనిషి, అంతసేపు చూశాడు. అంత పెద్ద నోటు వచ్చినందుకు సంతోషపడుతున్నాడనుకున్నాను. నలభై అయిదు దాటిన వయసులో పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు ఆ ముఖంలో రాసి ఉన్నది చదవడం రాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో శుభకార్యాలు వరసగా వచ్చాయి. కోదాడలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాం. చిన్నాయన పొద్దున్నే వచ్చాడు, బట్టలు పెట్టాడు, షామియానా తాళ్లు బిగించాడు, వచ్చినవాళ్లకు నీళ్లందించాడు. భోజనానికి లెమ్మంటే, "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు బిడ్డా" అని నీళ్లు తాగి బస్సెక్కాడు. ఉపవాసమంటే బలవంతం చేయలేం కదా. అది గురువారం. పెద్దమ్మాయికి చీర కట్టించినప్పుడు ఆదివారం, ఆరోజూ ఒక్కపొద్దే. మా మరిది పెళ్లి విందు బుధవారం, అప్పుడూ అంతే. ఒకసారి మా అమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి, "మీ చిన్నాయనకు వారంల ఎన్ని ఒక్కపొద్దులే? మనిషి బతికెట్లున్నడు?" అంది. అందరం నవ్వాం. షుగరేమో, చెప్పుకోవడం ఇష్టం లేదేమో అనుకున్నాను. మా తమ్ముడింట్లో ఆయన రెండు జొన్నరొట్టెలు తిని మూడోది అడిగాడని విన్నప్పుడు కూడా నా బుర్రకు ఎక్కలేదు. మాలో ఒక మనిషి మీద మనసు విరిగితే గొడవ పడరు, మాట మానరు. వాళ్లింట్లో అన్నం మానేస్తారు. నాకు తెలియనిదా ఇది? తెలుసు. నామీద ఎవరికైనా మనసు విరుగుతుందన్నదే తట్టలేదు. ఇట్లా పన్నెండేళ్లు గడిచాయి.

నేను రిటైరయిన ఏడాది కోదాడ, మిర్యాలగూడ రిటైర్డు ఉద్యోగులు కొందరు కలిసి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ ప్యాకేజీ మాట్లాడారు. మా ఆయన కరెంటాఫీసులో చేసిన మనిషి, ఏ పనీ కాగితం లేకుండా చేయడు. ఏ ఊళ్లో ఎంత టిప్పు ఇవ్వాలో నెట్‌లోంచి తీసి, ప్రింటు కొట్టించి, లామినేషన్ కూడా చేయించాడు. సింగపూర్‌లో బిల్లులో కలిసే ఉందని చూసుకోక మళ్లీ ఇచ్చి సాయంత్రం దాకా అన్నం సహించక తిరిగాడు. బ్యాంకాక్‌లో ప్రతివాళ్లకూ చేతులు జోడించి వంగీ వంగీ నడుం పట్టేసింది. మిర్యాలగూడ నుంచి వచ్చిన రైసుమిల్లు గుమాస్తా గారి భార్య అయితే టిప్పుల జోలికే పోలేదు. ప్రతి ఊళ్లోనూ అన్నం మెతుకు పట్టి నలిపి చూసి, "ఇవి కొత్త బియ్యం, పాతవి కావు" అని తీర్పు చెప్పడమే ఆమె పని. అయినా ఆ ఊళ్లను మెచ్చుకోకుండా ఉండలేను. అన్నం పెట్టేవాళ్లు రెండు చేతులతో పెట్టడం, తీసుకునేవాళ్లు తల వంచి తీసుకోవడం నేను అక్కడే అంత తరచుగా చూశాను.

కౌలాలంపూర్‌లో ఒక సందులో మనవాళ్ల భోజన హోటల్ ఉందని గైడు తీసుకుపోయాడు. నడిపేది డెబ్బై దాటిన ఒక ముసలామె. వాళ్ల తాతలు శ్రీకాకుళం దిక్కు నుంచి రబ్బరు తోటల్లో పనికి పోయారట, ఆమె మాత్రం మన దేశం చూడనే లేదు. నేను "అమ్మా, కొంచెం చారు" అన్నాను. అంతే, ఆమె కుర్రవాళ్లను పక్కకు తోసేసి తనే గిన్నె తెచ్చి నిలబడింది. నీళ్లు తాగనిచ్చింది కాదు, కడుపు నిండిపోతుందని. "మా నాయనమ్మ కూడా ఇట్టాగే చారే అడిగీది" అంటూ నా చెయ్యి పట్టుకుని మారు అన్నం పెట్టింది. బిల్లు కట్టి లేచేటప్పుడు మా ఆయన లామినేషన్ కాగితం చూసి, "ఇక్కడ తప్పనిసరి కాదు, ఇస్తే ఇవ్వొచ్చు" అన్నాడు. నాకేమో ఊరికే పోబుద్ధి కాలేదు. పెద్ద నోటొకటి తీసి పళ్లెం కింద పెట్టాను.

వీధిలో పది అడుగులు వేశామో లేదో, వెనక నుంచి ఆమె ఆయాసపడుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నోటు నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "ఏటమ్మా ఇది?" అంది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. "బిల్లు కట్టేసినారు గదా, అది హోటలుకి. ఇది నాకా? అమ్మా అని పిలిచి అన్నం తిని, పరాయిదాని కాడ ఎట్టినట్టు ఎడితే, నానేటవుతాను మీకు?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆ ముఖం చూస్తుంటే నాకు సూర్యాపేట హోటల్లో నోటు పట్టుకుని నిలబడ్డ మా చిన్నాయన ముఖం కనిపించింది. గురువారం ఒక్కపొద్దు, ఆదివారం ఒక్కపొద్దు, బుధవారం ఒక్కపొద్దు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ సందులో అందరూ చూస్తుండగా ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. మా ఆయన ఎంత నోటో అని కంగారుపడ్డాడు పాపం.

తిరిగొచ్చిన మూడో రోజే సూర్యాపేట పోయాను. చిన్నాయన అప్పటికి హోటల్ మానేసి కొడుకు దగ్గర ఉంటున్నాడు. వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తున్నాడు. "ఫారిన్ పోయొచ్చినవంట గద, మంచిగున్నదా?" అన్నాడు. నేనూ పల్లికాయ ముందేసుకుని ముసలామె సంగతి చెప్పాను. చారు దాకా రాగానే ఆపాడు. "ఒడ్డించేటప్పుడు ఆమె కూసున్నదా, నిలవడ్డదా?" నిలబడే ఉందన్నాను. "ఊఁ, పనిమంతురాలు" అన్నాడు. నోటు తిరిగిచ్చిన మాట చెప్పాక ఆయన చేతులు ఆగిపోయాయి. "మంచి పని జేసింది. నాకు గంత ధైర్యం లేకపాయె" అన్నాడు.

"నువ్వూ వెంట రావలసింది చిన్నాయనా. నా ముఖాన కొట్టవలసింది."

"ఎట్లొస్త బిడ్డా? నువ్వు నన్ను ఎరగనట్టు కూసున్నవ్. నేనొచ్చి బిడ్డా అంటే నీ సార్ల ముంగట నీ ఇజ్జత్ పోదా?"

పన్నెండు మంది బిల్లు ఆయన నెత్తిన పడుతుందని అట్లా చేశానని చెప్పాను. సిగ్గు సంగతి కూడా దాచలేదు, అదీ చెప్పేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "పిచ్చిదానా. చిన్నాయనా, బిల్లు మేమే కడ్తం అని నువ్వు ఒక్క మాటంటే నేను కాదంటనా? పన్నెండు మందికి నేనేడ కడ్త? గిది మా అన్న బిడ్డ, టీచరమ్మ అని మా ఓనరుకు సూపిద్దామనుకున్న. గంతే." ఆయన అడిగింది ఒక్క పిలుపు, అది తప్ప అన్నీ ఇచ్చి వచ్చాను. మా ఇంటికి అన్నానికి రమ్మన్నాను. "సూద్దాం తియ్యి" అన్నాడు. తప్పకుండా వస్తానని అనలేదు. బస్సులో కోదాడ దాకా ఆ "సూద్దాం" గురించే ఆలోచించాను.

రెండు వారాలు ఏ కబురూ లేదు. ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఫోన్ మోగింది. కోదాడ బస్టాండ్ నుంచి చిన్నాయన. బాగున్నావా అనలేదు, ఎట్లున్నవ్ అనలేదు. "ఏం కూర వండినవ్ బిడ్డా?" అన్నాడు. ఆరోజు మా ఇంట్లో పండగ లేదు, పబ్బం లేదు, పొయ్యి మీద సొరకాయ పప్పు తప్ప ఏమీ లేదు. అదే చెప్పాను. "సాలు, వస్తున్న" అన్నాడు. మా ఆయన కోడిని తెస్తానని సంచి పట్టుకుని బయల్దేరితే నేనే ఆపాను, కోడి ఉడికేదాకా ఆగే ధైర్యం నాకు లేక.

ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నేను నిలబడి వడ్డించాను. పప్పు సగం కంచం అంచు మీద పడింది. "గంటె గట్ల పట్టొద్దు, కిందికి వంచి పట్టాలె" అని నా చెయ్యి పట్టుకుని చూపించాడు. పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆయన చూడనట్టే తిన్నాడు, మనిషిని ఇబ్బంది పెట్టకుండా ఉండటం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. పిలవాల్సిన ఒక్క పిలుపు పిలవడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది, ఆయన కడుపునిండా తిని లేవడానికి అరగంట కూడా పట్టలేదు.